ఆలోచనకు పట్టును విడుపును

జ్వరము వచ్చినచో మలేరియా యేమో యని శంకింతుము. జ్వరము లేనిచో ఆరోగ్యముగా నున్నామని నిశ్చింతగా నుందుము. ఇట్లు లెక్క వేసికొనుట మన అలవాటు. అలవాటులు ఉపయోగకరములే. ప్రతి చిన్న విషయమును క్రొత్తగా ఆలోచింపవలసి వచ్చినచో దినము గడవదు. కాని పరిస్థితి వేరైనను పాత లెక్కనే పట్టుకొని కూర్చున్నచో కీడు కలుగును. ఎచ్చట పట్టవలెనో, ఎచ్చట విడువవలెనో తెలిసిన బుద్ధియే మనకు రక్ష. ఇందుకు బస్తరు సీమ మంచి నిదర్శనము.

భద్రాద్రి కొత్తగూడెము, ములుగు జిల్లాలకు పొరుగున, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో ఏడు జిల్లాల బస్తరు డివిజను కలదు. ఈ అడవి సీమను మలేరియా చిరకాలము పీడించినది. జ్వరము వచ్చినవారికి మందిచ్చినను వ్యాధి మరల మరల తలయెత్తుచుండెను. కారణమేమి? మాటిమాటికి మలేరియా సోకిన వారి శరీరమునకు కొంత తట్టుకొను శక్తి యేర్పడును. అట్టివారి రక్తములో క్రిములున్నను జ్వరము కానరాకపోవచ్చును. వారిని కుట్టిన అనాఫిలిస్ దోమ ఆ క్రిములను పొరుగింటి పసిబిడ్డకు చేర్చగలదు.

కనుక 2020 జనవరిలో ఆరంభమైన 'మలేరియా ముక్త బస్తరు' ఉద్యమములో పాత లెక్కను విడిచిపెట్టిరి. జ్వరమున్నదా లేదా యని చూడక, ఇంటింటికి పోయి అందరి రక్తమును పరీక్షించిరి. తొలి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షింపగా, 60 వేలకు పైగా మలేరియా గలవారు బయటపడిరి. వారిలో సగమునకు మించి ఏ లక్షణమును లేనివారే!

మరియొక లెక్కయు మారినది. రోగియే ఆసుపత్రికి రావలెనను నియమము దూరపు పల్లెలకు సరిపడదు. కాని వారపు సంతకు అందరును వత్తురు. అందుచేత 2019 అక్టోబరు 2వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము సంతలలోనే వైద్యము అందించు పథకమును ప్రారంభించినది.

ఇంటిలోను ఈ నేర్పు అవసరమే. బస్తరు పల్లెలలో జబ్బు చేసినప్పుడు సిరహాను పిలుచు ఆచారము కలదు. "సిరహాయా, డాక్టరా?" యని వాదించుచుండగా బిడ్డ ప్రాణము మీదికి రావచ్చును. పూజ మానుమని పట్టుపట్టుటకంటె, ముందుగా రక్తపరీక్ష చేయింపుడని నచ్చజెప్పుట మేలు. ఆచారమునకు భంగము లేదు, వైద్యమునకు ఆలస్యమును లేదు.

అయితే విడుపు అనగా అశ్రద్ధ కాదు. జ్వరము తగ్గినది గదా యని మాత్రలు మానరాదు. ఫాల్సిపారం రకమునకు 3 దినములు, వైవాక్స్ రకమునకు సాధారణముగా 14 దినములు మందు వాడవలసియుండును. వైద్యుడు చెప్పిన మోతాదును తుదివరకు పూర్తి చేయవలెను. ఇచ్చట పట్టే కావలెను.

చిక్కు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నా నమ్మకమునకు విరుద్ధముగా ఏమైన కనబడుచున్నదా? వేరొక త్రోవ కలదా? దానిని హాని లేకుండ ప్రయత్నించి చూడవచ్చునా? వీనికి నిజాయితీగా జవాబు చెప్పుకొన్నచో ఎప్పుడు పట్టవలెనో, ఎప్పుడు విడువవలెనో క్రమముగా తెలియవచ్చును. నేడే, ఇంటిలోని ఒక చిన్న చిక్కుతో ఈ అభ్యాసమును ఆరంభింపుడు.