మారిన వస్తువు మళ్లీ వస్తుందా?

పొద్దున లేచింది మొదలు మన చేతుల్లో వస్తువులు మారుతూనే ఉంటాయి. పొయ్యిలో కట్టె బూడిద అవుతుంది. తోడేసిన పాలు పెరుగవుతాయి. తడి చీర ఆరుతుంది. అన్నీ మార్పులే. కానీ అన్నీ ఒక రకం కావు. మార్పులు రెండు రకాలు. ఆ తేడా తెలిస్తే ఇంట్లోనూ, చేలోనూ పనికొస్తుంది. ఒక్కోసారి ప్రాణాన్నే కాపాడుతుంది.

మొదటి రకం: వస్తువు అదే, రూపం వేరు

చలికాలంలో సీసాలో కొబ్బరినూనె గడ్డ కడుతుంది. కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది. గడ్డగా ఉన్నా అది కొబ్బరినూనే. కరిగినా కొబ్బరినూనే.

ఉప్పును నీళ్లలో వేసి కలిపితే కంటికి కనబడదు. మరి ఉప్పు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. నాలుకకు తెలుస్తూనే ఉంది. ఆ నీళ్లు పళ్లెంలో పోసి ఎండలో పెట్టి చూడండి. నీరు ఆవిరై పోతుంది. అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడాలో ఉప్పు పండించేది ఇలాగే. సముద్రపు నీటిని మళ్లలో నింపి ఎండకు ఆరనిస్తారు.

బియ్యం పిండి పట్టిస్తే? పిండి మళ్లీ గింజ కాదు. అయినా అది బియ్యమే. గింజ చిన్న చిన్న ముక్కలయింది, అంతే. కొత్త వస్తువేదీ పుట్టలేదు.

ఇలాంటి మార్పును భౌతిక మార్పు అంటారు.

రెండో రకం: కొత్త వస్తువు పుడుతుంది

కట్టె కాలితే పొగ వస్తుంది, బూడిద మిగులుతుంది. ఆ బూడిదను ఏం చేసినా కట్టె కాదు.

కొడవలిని తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఇనుముకు తడీ, గాలిలోని ఆక్సిజనూ తోడైతే తుప్పు పుడుతుంది. ఇనుము గట్టిది. తుప్పు గోటితో గీకినా పొడిగా రాలుతుంది. అందుకే కొడవలిని తుడిచి, నూనె రాసి పెడతారు. నూనె పొర ఉంటే తడి, గాలి ఇనుమును తాకవు.

తోడులో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలలోని చక్కెరను పులుపుగా మారుస్తాయి. పాలు తోడుకుంటాయి. పెరుగును ఎంత కాచినా పాలు కావు.

కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగుతుంది. నిప్పు లేకుండానే కుండ కాలిపోతుంది. సున్నం, నీరు కలిసి కొత్త వస్తువు అవుతుంటే ఆ వేడి పుడుతుంది. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇలాంటి మార్పును రసాయనిక మార్పు అంటారు. రంగు మారడం, వాసన మారడం, రుచి మారడం, వేడి పుట్టడం దీని గుర్తులు. కానీ అన్నిసార్లూ గుర్తు కనబడదు. ప్రమాదం అక్కడే ఉంది.

తడిసిన కాయ, బూజు పట్టిన కాయ

వేరుశనగ కాయ కళ్లంలో ఉంది. వాన వచ్చింది. కాయ తడిసింది. ఇది భౌతిక మార్పు. కాయలో నీరు చేరింది, అంతే. వెంటనే బాగా ఎండబెడితే నీరు పోతుంది. కాయకు చెరుపు లేదు.

ఎండబెట్టకుండా బస్తాకు ఎత్తితే? తడికి బూజు పుడుతుంది. కొన్ని రకాల బూజు గింజలో ఒక విషం తయారుచేస్తుంది. దాని పేరు అఫ్లాటాక్సిన్. ఇది కొత్త వస్తువు. ఇప్పుడు ఎండబెడితే నీరు పోతుంది గానీ విషం పోదు. బూజు తుడిచినా పోదు. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు.

1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని జనానికి కామెర్లు వచ్చాయి. వంద మందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించారు. ఈ విషమే కారణమని తేల్చారు.

ఈ విషం కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయినా చేటే. కాలేయానికి క్యాన్సర్ రావచ్చు. బూజు పట్టిన చెక్క గేదెకు పెడితే విషం పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

చాలా ఇళ్లల్లో మంచి కాయ అమ్మకానికి పోతుంది. ఏరి పక్కన పెట్టిన కాయ ఇంటికి మిగులుతుంది. పారేయడానికి మనసొప్పక ఇంటి ఆడవాళ్లే తింటారు. కష్టపడి పండించిన గింజే. కానీ బూజు పట్టాక అది తిండి కాదు.

ఏం చేయాలి?

కాయను బాగా ఎండబెట్టాలి. చెవి దగ్గర ఊపితే గలగలమనాలి.

బస్తాలు నేల మీద పెట్టకూడదు. చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టాలి.

బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి ఏరేయాలి. తినకూడదు. పశువులకూ పెట్టకూడదు.

ఆలోచించి చెప్పండి

వీటిలో ఏది భౌతిక మార్పు? ఏది రసాయనిక మార్పు?

1. పేరిన నెయ్యి కరగడం.
2. అగ్గిపుల్ల కాలడం.
3. తడి చీర ఆరడం.
4. దోసెల పిండి పులవడం.

జవాబులు: 1, 3 భౌతిక మార్పులు. 2, 4 రసాయనిక మార్పులు.