ఆంగ్లమున ఔననుట, కాదనుట

మాటకుఁ గల బలమును నెల్లూరు మండలము లోకమునకుఁ జూపినది. 1992వ సంవత్సరమున దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు, ఆ పాఠములవలననే ధైర్యము తెచ్చుకొని సారాను కాదనిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపఁబడినది. నేఁడా మండలమున, కృష్ణపట్టణపు రేవు చెంతనేమి, నెల్లూరు పురముననేమి, బ్యాంకునందును ఆసుపత్రియందును పిల్లల బడియందును ఆంగ్లము వినవచ్చుచున్నది. కావున అక్కఱకువచ్చు కొన్ని పలుకుబడుల నిచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఔననుట. సమ్మతికి ‘ఐ అగ్రీ’ చాలును. కొంతవఱకే సమ్మతమైనచో ‘ఐ అగ్రీ అప్ టు ఎ పాయింట్’ అనవలెను. కాని యిందొక చిక్కు కలదు. ‘ఫీజు కట్టలేదా?’ యని యడిగినచో మనము ‘ఔను, కట్టలేదు’ అందుము. ఆంగ్లమున ‘యెస్’ అన్నచోఁ గట్టితిమని యర్థము. అచ్చట ‘నో, ఐ హావెంట్’ అనవలెను. మన ‘ఔను’ ఎదుటివారి మాటకు. వారి ‘యెస్’ జరిగిన సంగతికి.

ఇఁక సందేహము. ప్రశ్న యడుగఁబోవుచు మనము ‘ఐ హావ్ ఎ డౌట్’ అందుము. మన దేశమున నిది చెల్లును. అమెరికాలోని బంధువుల యింట, పొరుగువారు తమ మాటను నమ్మలేదని తలఁపవచ్చును. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనుట మేలు. నిజముగా సందేహమే యున్నచో ‘ఐ యామ్ నాట్ సో ష్యూర్’ అనుట మృదువు. ఏలయన నది యెదుటివారి తెలివిని తప్పుపట్టదు.

తుదకు దుడుకుమాట. ‘మీకిది తెలియదు, మగవారిని పంపుఁడు’ అని బ్యాంకులో నొకరు ఆంగ్లమున ననిరనుకొందము. కేకలు వేయవలదు, నవ్వి యూరకుండనువలదు. ‘ఐ బెగ్ యువర్ పార్డన్?’ అని నెమ్మదిగా నడుగవలెను. ఆ మాటను మరల పలుకవలసిన భారము వారిపైఁ బడును. పలుకుటకు సిగ్గుపడువారే పెక్కుమంది. అప్పటికిని మానకున్నచో ‘ప్లీజ్ డోంట్ స్పీక్ టు మీ లైక్ దట్’ అని, వెంటనే వచ్చిన పని చెప్పవలెను: ‘ఐ వాంట్ టు ఓపెన్ ఆన్ అకౌంట్’. ఆంగ్లమున నీవు, మీరు అను భేదము లేదు. రెంటికిని ‘యు’ యే. కావున గౌరవమంతయు ‘ప్లీజ్’ అను మాటయందును కంఠస్వరమునందును నిలుపవలెను.

వంటింట నొంటిగా నున్నపుడు వీనిని బిగ్గరగాఁ బలికి చూచుకొనుఁడు. వెలుపల తడఁబాటుండదు. తెనుఁగునఁ గాదనఁగలిగిన మనకు ఆంగ్లమునఁ గొఱవడినవి మాటలే కాని ధైర్యము కాదు.