విద్యుత్ సైకిలు

విద్యుత్ సైకిలు అనగా బ్యాటరీతో పనిచేసే చిన్న మోటారు అమర్చిన సైకిలు. తొక్కేవారి కాలిబలానికి ఈ మోటారు తోడవుతుంది. అమెరికాకు చెందిన ఆగ్డెన్ బోల్టన్ వెనుక చక్రంలో మోటారు గల సైకిలుకు 1895లోనే పేటెంటు పొందాడు. పెడలు తొక్కినపుడు మాత్రమే సాయపడే రకాన్ని జపానులో యమహా సంస్థ 1993లో అమ్మకానికి తెచ్చింది. రోజూ కారులో పనికి వెళ్ళేవారు దానికి బదులు ఈ సైకిలును వాడదలిస్తే ఎటువంటిది ఎంచుకోవాలన్నది ఈ వ్యాసంలో ముఖ్య విషయం.

కారుతో పోలిక

లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. లీటరుకు 15 కి.మీ. నడిచే కారు కిలోమీటరుకు 600 వాట్-అవర్లు ఖర్చు చేస్తుంది. విద్యుత్ సైకిలుకు 10 నుండి 15 వాట్-అవర్లు చాలును. మిగిలిన బలం తొక్కేవారి భోజనం నుండి వస్తుందనుకోండి! కారులో ఒక్కరే వెళ్ళినా, ఆ మనిషితో పాటు టన్ను బరువును కూడా కదిలించవలసి రావడమే ఈ తేడాకు ముఖ్య కారణం.

బ్యాటరీ

వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే బ్యాటరీలో నిలువ ఉండే శక్తి తెలుస్తుంది. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్-అవర్లు. ఇది నిండడానికి అర యూనిటు కరెంటు కూడా పట్టదు. ఇటువంటి దానితో 25 నుండి 30 కి.మీ. వెళ్ళవచ్చును. ప్రకటనలలో కనిపించే పెద్ద అంకెలు సాధారణంగా తేలికైన మనిషి, చదునైన రోడ్డు, అతి తక్కువ మోటారు సాయం ఆధారంగా చెప్పినవి. ఆఫీసు 10 కి.మీ. దూరంలో ఉంటే రానుపోను 300 వాట్-అవర్లు కావచ్చును. పాతబడేకొద్దీ బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది గనుక 500 వాట్-అవర్లది తీసుకోవడం, లేదా ఆఫీసులో ఛార్జింగు సదుపాయం చూసుకోవడం మంచిది.

లిథియం బ్యాటరీలకు వేడి శత్రువు. ఎండలో నడిపి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టరాదు. నాసిరకం బ్యాటరీ ప్రాణాంతకం కాగలదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో, పై అంతస్తుల హోటలులో బస చేసినవారిలో ఎనిమిది మంది మరణించారు. న్యూయార్క్ నగరంలో 2023 నుండి యూఎల్ 2849 అను భద్రతా ప్రమాణానికి లోబడని విద్యుత్ సైకిళ్ళ అమ్మకం నిషిద్ధం. ఛార్జరు సైకిలుతో వచ్చినదే అయి ఉండాలి. ఇంటి నుండి బయటపడే ఏకైక ద్వారం దగ్గర రాత్రంతా ఛార్జింగు పెట్టరాదు.

మోటారు

మోటారు చక్రం మధ్యలో గానీ, పెడళ్ళ ఇరుసు వద్ద గానీ ఉంటుంది. సైకిలు, మనిషి, సంచి కలిసి 100 కిలోలు అయితే, 100 మీటర్లకు 5 మీటర్లు లేచే దారిలో గంటకు 15 కి.మీ. వేగంతో ఎక్కడానికి దాదాపు 250 వాట్లు కావాలి. చక్రంలోని మోటారు ఇటువంటి దారిలో నెమ్మదిగా చాలాసేపు ఎక్కవలసి వస్తే వేడెక్కుతుంది. పెడళ్ళ వద్ద మోటారు గేర్లను వాడుకుంటుంది గనుక సులభంగా ఎక్కుతుంది. కానీ ధర ఎక్కువ, చైను త్వరగా అరుగుతుంది. విజయవాడ వంటి చదునైన ఊరిలో మొదటిది చాలును. హైదరాబాదులోని బంజారాహిల్స్, విశాఖపట్నంలోని కొండవాలు వీధులలో నివసించేవారు రెండవదాన్ని పరిశీలించాలి. చక్రంలో మోటారు ఉన్నచోట పంక్చరు వేయడానికి తీగ విడదీయవలసి వస్తుంది. ఆ పని చేసే దుకాణం దగ్గరలో ఉన్నదో లేదో కొనేముందే అడగాలి.

భారతదేశంలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కి.మీ. లోపు వేగం గల వాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. అమెరికాలో కొన్ని రకాలు గంటకు 45 కి.మీ. వరకు సాయపడతాయి. అక్కడి తెలుగువారు తాము నివసించే రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి.

వాడుకలో గమనించవలసినవి

ఈ సైకిళ్ళు 20 నుండి 25 కిలోల బరువుంటాయి. లిఫ్టు లేని ఇంట్లో మూడవ అంతస్తుకు మోయడం కష్టం. అటువంటివారికి ఊడదీయగల బ్యాటరీ తప్పనిసరి. మడ్‌గార్డులు, క్యారియరు, దీపాలు లేని సైకిలు ఎంత అందంగా ఉన్నా రోజువారీ పనికి తగదు. వాన జల్లును చాలా మోటార్లు తట్టుకుంటాయి గానీ, మోకాటిలోతు నీటిలో నడపరాదు.

అన్నిటికన్నా కష్టమైనది దారి. హైదరాబాదులో బాహ్య వలయ రహదారి వెంట సౌరఫలకాల కప్పుతో 23 కి.మీ. సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైనది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఉద్యోగులకు ఇది ఉపయోగమే. అయితే ఇంటి నుండి ఆ బాట వరకు బస్సులు, లారీల మధ్యనే వెళ్ళవలసి ఉన్నది.