గినీపందుల మచ్చిక: కర్షక కుటుంబములకు కొన్ని సూచనలు

క్రొత్త యెద్దును సంతనుండి తోలుకొనివచ్చిన దినముననే కాడికి గట్టు రైతును తెలివిగలవాడని యెవరును చెప్పరు. దానికి కొట్టము క్రొత్త, మనిషి క్రొత్త, పిలుపు క్రొత్త. ఆ బెదరు తీరువరకు రైతు దాని చెంత నిలిచి, పచ్చిగడ్డి చేతితో నందిచ్చి, గంగడోలు నిమిరి, మెల్లగా పలుకరించును. ఈ విద్య మన సంఘ సభ్యులకు ఒకరు నేర్పవలసినది కాదు. అయినను, పిల్లలు ముచ్చటపడి గినీపందుల జతను ఇంటికి దెచ్చినపుడు పెద్దలు సైతము దీనిని మరచి, వాటిని ఆటబొమ్మలవలె చేతులు మార్చుచుందురు. నాలుగువందల కిలోల యెద్దునకు చూపు ఓర్పు, కిలో తూకపు ప్రాణికి చూపకుండుట న్యాయమా?

పేరు గినీపంది యైనను ఇది పందియు గాదు, గినీ దేశమునకు చెందినదియు గాదు. ఎలుక, ఉడుత మున్నగు కొరుకు జంతువుల తెగలోనిది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతపు సేద్యగాండ్రు వేల సంవత్సరముల క్రిందటనే దీనిని మచ్చిక చేసిరి. పెరూ దేశమున దీనిని ‘కుయ్’ అందురు. అచటి పల్లెలలో వంటయింటనే పెంచి, మాంసమునకై వాడుదురు. 16వ శతాబ్దమున ఐరోపాకు జేరి, అచట పెంపుడు జంతువైనది.

దీని స్వభావమును ముందుగా గ్రహింపవలయును. ఇది వేటాడు జంతువు గాదు, వేటాడబడునది. పైనుండి దిగు చేయి దీనికి గద్దవలె దోచును. పట్టుకొనబోగా ఒకవేళ కదలక ముడుచుకొని యుండును. చూచువారు సాధువైనదని సంతసింతురు. అది సాధుత్వము గాదు, భయము.

కావున తెచ్చిన పిదప రెండు మూడు దినములు దానిని ముట్టరాదు. దాగుటకు ఒక పెట్టెయో, బోర్లించిన తట్టయో గూటిలో నుంచి, మేత, నీరు మాత్రము వేళకు సమకూర్పవలయును. పిదప ప్రతిదినము ఒకే వేళకు గూటి చెంత కూర్చుండి, తగ్గు స్వరముతో మాటలాడవలయును. అటుపై గరికపోచనో కొత్తిమీర రెమ్మనో ప్రక్కనుండి, నేలకు సమముగా, చాచి పట్టుకొనవలయును. అది వచ్చి తినువరకు చేయి కదల్పరాదు. కొన్ని వారము దినములలో వచ్చును. కొన్నింటికి నెల పట్టును. తొందరించిన యెడల గడచిన దినములన్నియు వృథా యగును.

చేతినుండి తిన నేర్చిన పిదప భుజముల ప్రక్క మెల్లగా నిమురవచ్చును. ఎత్తునపుడు ఒకచేయి రొమ్ము క్రిందను, మరియొకచేయి పిరుదుల క్రిందను ఉంచవలయును. పిల్లలు నేలపై కూర్చుండియే ఒడిలో నుంచుకొనవలెను. నడుము ఎత్తునుండి జారిపడినను ఎముకలు విరుగును. మచ్చికైన జంతువు మన యడుగుల సవ్వడి వినగానే మేతకై ఈల వేసినట్లు కూయును. సంతోషము గలిగినపుడు ఉన్నచోటనే ఎగిరి గంతులిడును. పండ్లు పటపట కొరికిన యెడల అది కోపము. అపుడు చేయి వెనుకకు దీసికొనవలయును.

మచ్చిక వినోదమునకు మాత్రమే యని తలపరాదు. వేటాడబడు జంతువు తన జబ్బును దాచుకొనును. బలహీనమైనదని శత్రువునకు దెలిసిన ప్రాణము దక్కదు. ఇది ఒక దినము మేత మానినను ప్రేవులు స్తంభించి ప్రాణాపాయము గలుగును. నిన్న చేతిలోని గడ్డికై పరుగెత్తివచ్చినది నేడు మూలకు జేరినయెడల, యజమానికి వెంటనే తెలియును. మచ్చికలేని దాని విషయమున ఆ సంగతి తెలియునప్పటికి కాలము మించిపోవును. వారమున కొకసారి త్రాసులో తూచుటయు మేలు. జబ్బుచేసిన పశువైద్యునికే చూపవలెను. ఇంటనున్న మందులు పోయరాదు. పెన్సిలిన్ జాతి మందులు నోట బోసిన యెడల దీని ప్రాణమునే తీయవచ్చును.

మేత విషయమున ఒక పాఠము గలదు. 1907లో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిష్ అనువారు గినీపందులకు ధాన్యము మాత్రమే పెట్టగా, వాటికి స్కర్వీ వ్యాధి సోకెను. మనుష్యులవలెనే ఇవియు సి విటమినును తమ దేహమున తయారు చేసికొనలేవు. కనుక గింజలు గాక, ఎండుగడ్డి ఎల్లపుడును, పచ్చిఆకు ప్రతిదినము నుండవలయును. జామపండు ముక్క, కొత్తిమీర మేలైనవి. గడ్డి నమలుటచేతనే నిత్యము పెరుగు పండ్లు అరుగును. వరిగడ్డి కడుపు నింపును గాని బలమీయదు. నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది మిర్యాలగూడ, కోదాడ మాగాణులలో పచ్చిగడ్డికి కొదువ లేదు. అయితే కలుపుమందు, పురుగుమందు చల్లిన గట్టుమీది గడ్డిని కోసి వేయరాదు. మిల్లు ఊకను పడకగా పరచినచో, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయును. పాత నూలుగుడ్డలు శ్రేష్ఠము.

ఇది ఒంటిగా బ్రతుకు జంతువు గాదు. స్విట్జర్లాండు దేశపు 2008వ సంవత్సరపు నిబంధనలు దీనిని ఒంటిగా పెంచుటను నిషేధించినవి. అట్లని ఆడ, మగలను జతపరచినయెడల సుమారు 68 దినముల కొకసారి పిల్లలు పుట్టుచుండును; ఈనిన కొన్ని గంటలలోనే తల్లి మరల చూలు దాల్పగలదు. రెండు ఆడవానిని తెచ్చుట ఉత్తమము.

తుదకు ముఖ్యమైన మాట. ఆండీస్ చలిగాలికి అలవడిన ఈ జంతువునకు 30 డిగ్రీలు దాటిన వేడిమి ప్రమాదకరము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఏప్రిల్, మే మాసముల ఎండ 40 డిగ్రీలు దాటుట మనమెరిగినదే. రేకుల కప్పు క్రింద గూడు పెట్టుట దానిని చంపుటయే. ఇంటిలోని చల్లని గదిలో, గాలియాడునట్లు, గడ్డకట్టించిన నీటిసీసాను గుడ్డలో జుట్టి చెంత నుంచవలయును. నేలపై చతికిలబడి రొప్పుచు చొంగ కార్చుచుండిన, అది వడదెబ్బ. చల్లని నీటితో (మంచు నీటితో గాదు) తడిపి వైద్యునికడకు కొనిపోవలయును.

ఇంట చల్లని గది లేనివారు పిల్లల ముచ్చటను మరియొక విధముగ దీర్చుట మంచిది. పెరటిలోని లేగదూడ కలదు గదా! దానికి గడ్డి అందించు బాలుడును ఈ పాఠమునే నేర్చును: నమ్మకము పట్టుకొనినచో దొరకదు, కాచుకొనినచో తానై వచ్చును.