అందాజు నుంచి తూకం దాకా: కష్టకాలంలో వంటిల్లే ఆసరా

ఇంటి పెద్ద హఠాత్తుగా మంచాన పడినా, అల్లాహ్ పిలుపు అందుకుని వెళ్లిపోయినా, ఆ ఇంట్లో మొదటి వారం అన్నానికి లోటుండదు. ఇరుగుపొరుగు వండి పంపుతారు. మనలాంటి సొసైటీల నుంచి రేషన్ కిట్టు చేరుతుంది. అసలు కష్టం నెల తిరిగాక మొదలవుతుంది. ఇంటద్దె, పిల్లల ఫీజులు, మందుల చీటీ అన్నీ ఒకేసారి గుమ్మంలో నిలబడతాయి. అప్పటికి పలకరించేవాళ్లు కూడా తగ్గిపోతారు.

భర్త చనిపోయిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ రోజుల్లో బయటికి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవడం కుదరదు. చాలామందికి పెద్ద చదువులూ ఉండవు. అయితే పెళ్లిళ్లకు బగారా అన్నం, దాల్చా, పండగకు షీర్ ఖుర్మా చేసి పదిమంది చేత మెప్పు పొందిన చేయి ఆమెది. ఆ చేతి వంటనే సంపాదనగా మార్చడం ఎలా, అందులో దాతల పాత్ర ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

సాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీ సహాబీ విషయం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (సఅసం) ఆయన ఇంట్లో ఉన్న దుప్పటిని, నీళ్లు తాగే పాత్రను తెప్పించి రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దిర్హముతో గొడ్డలి కొని తెమ్మన్నారు. స్వయంగా తమ చేతులతో దానికి పిడి బిగించి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా కనబడవద్దని చెప్పి పంపారు. ఆయన తిరిగి వచ్చేసరికి చేతిలో పది దిర్హములున్నాయి. ఇందులో రెండు సాయాలూ ఉన్నాయి. ఈ పూటకు తిండి, రేపటికి పనిముట్టు. మనం తరచుగా మొదటి దిర్హముతోనే ఆగిపోతున్నాం.

వంటతో సంపాదించాలంటే ముందు కావలసింది పొయ్యి కాదు, ఒక నోటుపుస్తకం. మన అమ్మీలు, నానీమాలు అంతా అందాజుగా వండుతారు. గుప్పెడు, చిటికెడు, చూపుకు సరిపడా. ఇంటివాళ్లకు అది చాలు. డబ్బిచ్చి కొనేవాడికి మాత్రం పోయిన వారం తిన్న రుచే ఈ వారమూ కావాలి. అందుకే వండేటప్పుడు ప్రతి దినుసునూ తూచి, గ్రాముల్లో రాసుకోవాలి. ఎంత నూనె పోసింది, ఎంతసేపు వేగింది, చివరికి ఎన్ని కిలోలు దిగింది అన్నీ రాయాలి. ఇద్దత్ రోజుల్లో ఇంట్లో కూర్చునే చేయగల పని ఇది. అమ్మ చెబుతుంటే చదువుకుంటున్న కూతురు రాయవచ్చు. దుఃఖంలో ఉన్న ఇంటికి అది కొంత ధైర్యం కూడా.

రెండోది లెక్క. ఉదాహరణకు నూరు సమోసాలకు మైదా, ఉల్లిపాయలు, నూనె, గ్యాస్ కలిపి 450 రూపాయలు అయ్యాయనుకుందాం. ఆరు రూపాయల చొప్పున అన్నీ అమ్ముడుపోతే 600 వస్తాయి, మిగులు 150. పదిహేను మిగిలిపోతే ఆ మిగులు 60కి పడిపోతుంది. అందుకే మొదట్లో ఆర్డరు వచ్చినంతే చేయాలి. గరం మసాలా, కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి లాంటి నిల్వ ఉండే సరుకు అయితే ఇంకా మేలు. అరువు ఇస్తే రాసుకోవాలి. దివ్య ఖురాన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమనే చెబుతోంది.

మూడోది ప్రభుత్వ నమోదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ఇంట్లో వండి అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది. 2011 నియమావళి ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారాన్ని చిన్న వ్యాపారంగా లెక్కించి, లైసెన్సు బదులు నమోదు చాలునని చెప్పింది. దానికి రుసుము ఏడాదికి 100 రూపాయలుగా పెట్టింది. నమోదైతే 14 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు ప్యాకెట్టు మీద ఉంటే కిరాణా కొట్టువాడు సరుకు పెట్టుకోవడానికి వెనుకాడడు. ఈ దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపిపెట్టడం మన యువకులకు చిన్న పని, ఆ ఇంటికి పెద్ద సాయం.

ఇక దాతలు గమనించవలసినవి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్మును హక్కుదారుకు పూర్తిగా సొంతం చేయాలి. జకాత్ డబ్బుతో గ్రైండరు, తూకం యంత్రం కొని అర్హురాలికి ఇచ్చేస్తే అవి ఆమె సొత్తు. వాటిని సొసైటీ పేరున ఉంచి వాడుకోవడానికి మాత్రమే ఇచ్చేటట్లయితే, జకాత్ కాకుండా సాధారణ విరాళాల నుంచి కొనాలి. సరుకు కోసం పెట్టుబడి కావాలంటే వడ్డీ లేని ఖర్జె హసనా ఉండనే ఉంది. సందేహం ఉన్నచోట ఆలిములను అడగడం మంచిది.

అయితే డబ్బు కంటే ఆమెకు ఎక్కువ అవసరమైనది ఆర్డరు. మీ ఇంట్లో అఖీఖా ఉన్నా, మస్జిదులో ఇఫ్తార్ ఉన్నా ఒక వంటకం ఆమెకు అప్పగించండి. సగం డబ్బు ముందే ఇవ్వండి. ‘మనవాళ్లమే కదా’ అని ధర తగ్గించమనకండి. తీసుకున్నదానికి ‘తర్వాత చూద్దాం’ అనకండి. ఆ 'తర్వాత'లోనే ఆమె పెట్టుబడి మునిగిపోతుంది. ఉప్పు ఎక్కువైతే పదిమందిలో అనకుండా ఆమెకే చెప్పండి. గ్రైండరు ఇచ్చేటప్పుడు ఫోటో తీసి ఊరంతా పంపకండి. రేపు ఆమె దగ్గర సరుకు కొనేవాళ్లు ఆమెను వ్యాపారిగా చూడాలి తప్ప దానం పుచ్చుకున్న మనిషిగా కాదు.

రేషన్ కిట్లు ఆపమని ఎవరూ అనరు. ఆకలి వాయిదా వేయడానికి వీల్లేనిది. కిట్టుతో పాటు ఒక నోటుపుస్తకం, ఒక తూకం యంత్రం, మూడు ఆర్డర్లు కూడా ఆ గుమ్మానికి చేరాలన్నదే మా మనవి. ఈ ఏడాది తీసుకున్న చేయి వచ్చే ఏడాది ఇచ్చే చేయి కావాలని, మీ దానాలను అల్లాహ్ స్వీకరించాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.