మీనా నుంచి ‘అఆ’ దాకా

‘మీనా’ నవల రాసింది కృష్ణా జిల్లా కాజ ఆడపడుచు యద్దనపూడి సులోచనారాణి. 1973లో విజయనిర్మల తెలుగులో తొలిసారి మెగాఫోన్ పట్టింది ఈ కథతోనే. మీనా పాత్ర వేసింది కూడా ఆవిడే. హీరో బుర్రిపాలెం కృష్ణ. ఎక్కువ సినిమాలు తీసిన దర్శకురాలిగా ఆవిడ గిన్నిస్‌కెక్కింది.

శాసించే తల్లి, నోరెత్తని తండ్రి, పల్లెలో బావ. కథ ఇంతే. నవల రుచంతా మీనా మనసులో జరిగే మథనంలోనే ఉంది. తల్లి మాట దాటని పిల్ల తన ఇష్టాన్ని తాను గుర్తించడానికి పేజీలకు పేజీలు పడతాయి. తెరకు అంత ఓపికెక్కడిది? ఒక చూపుతోనో, రమేష్ నాయుడు బాణీతోనో పని కానిచ్చేయాలి.

2016లో త్రివిక్రమ్ ఇదే కథతో తీసిన ‘అఆ’లో ఆ మథనాన్ని తగ్గించి హాస్యం పెంచారు. సమంత అల్లరి బాగుంది గానీ, గుర్తుండిపోయేది పల్లం వెంకన్నగా రావు రమేష్. నవ్వుతూనే అప్పు గుర్తుచేస్తాడు, కూతుర్ని హీరో నితిన్‌కి కట్టబెట్టాలని చూస్తాడు. పత్తికీ మిర్చికీ అప్పు తెచ్చే పల్నాడు రైతుకు ఆ నవ్వు వెనక లెక్క ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

విడుదలప్పుడు టైటిల్స్‌లో రచయిత్రి పేరు లేదని గొడవ రేగింది. తర్వాత చేర్చారు.