అతుకు గట్టిదే, విరిగేది పక్కన!

ఎల్.బి.నగర్: నల్గొండ, సూర్యాపేటల నుండి విజయవాడ రోడ్డు మీదుగా వచ్చేవారికి ఎల్.బి.నగర్ చేరకముందే ఆటోనగర్ తగులుతుంది. లారీల మరమ్మతులకు పేరుబడిన చోటు. గోతిలో పడి పగిలిన మోటారు సైకిలు అల్లాయ్ చక్రాన్ని గోనెసంచిలో చుట్టుకుని ఇటువైపు బస్సు దిగే రైతు, ఆర్గాన్ వెల్డింగ్ దుకాణంలో అడిగేది ఒక్కటే: అతుకు నిలుస్తుందా?

నిలుస్తుంది. చిక్కంతా దాని పక్కనే ఉన్నది.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఇనుములా ముందుగా ఎర్రబడి హెచ్చరించదు. పైగా ఈ చక్రాల లోహానికి గట్టిదనం పుట్టుకతో వచ్చినది కాదు, కాల్చి తెప్పించినది. కమ్మరి కొడవలిని కాల్చి నీట ముంచితే అప్పటికప్పుడే పదునెక్కుతుంది. ఈ లోహం తీరు వేరు. ముంచినప్పుడు మెత్తగా ఉండి, తర్వాత క్రమంగా గట్టిపడుతుంది. 1906లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ విల్మ్ ఈ వింతను కనిపెట్టాడు. వెల్డింగ్ వేడి తగిలితే అలా తెచ్చిన గట్టిదనం సడలిపోతుంది.

ఎంత సడలిందో లాగి చూస్తే తెలుస్తుంది. అతుకు నడుమకు వచ్చేలా ఒక ముక్క కోసి, రెండు కొసలూ యంత్రం దవడలకు బిగించి తెగేదాకా లాగుతారు. 6061 రకం గట్టి అల్యూమినియం చదరపు మిల్లీమీటరుకు సుమారు 31 కిలోల లాగుడుకు ఆగుతుంది. వెల్డింగ్ అయ్యాక 17 నుండి 20 కిలోలకే తెగవచ్చు. అదీ సాధారణంగా అతుకు పక్కనే! ఎల్.బి.నగర్‌కు దగ్గరలోని కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల, 1973లో స్థాపించిన మిధాని ఉన్నాయి. లోహాల బలం తేల్చడం అటువంటి చోట్ల నిత్యకృత్యం.

పోయిన బలాన్ని చాలావరకు తిరిగి తేవచ్చు. ఈ రకానికి సుమారు 530 డిగ్రీల వేడిలో ఉంచి, వెంటనే నీట ముంచి, ఆ తర్వాత 160-175 డిగ్రీల వద్ద 8 నుండి 18 గంటలు ఉంచాలి. చక్రం మొత్తం పట్టే కొలిమి, వేడిని సరిగా చూపే మీటరు లేనిదే ఇది కుదరదు. నీట ముంచినప్పుడు చక్రం వంకర పోయే ప్రమాదమూ ఉన్నది. రోడ్డు పక్క దుకాణంలో ఇదంతా ఎక్కడ సాధ్యం? గ్యాసు మంటతో పైపైన కాలిస్తే ఉన్న బలమూ పోతుంది.

పాలక్యాను చెవి ఊడితే నిశ్చింతగా అతికించుకోవచ్చు. ఇద్దరు మనుషులనూ ఒక ఎరువు బస్తానూ మోసే చక్రం, అందులోనూ చువ్వ దగ్గర పగిలితే, కొత్తది కొనడమే మేలు. పాతదాన్ని తూకానికి వేస్తే కొంత సొమ్ము చేతికి వస్తుంది.